తుపాకీ ఎవరిదైనా తూటా సర్కారుదే

1857ను భారతదేశం ఒక తూటాతోనే గుర్తుపెట్టుకుంది. ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు వాడే కాగితపు తూటాను పళ్లతో కొరికి తెరవాలి. దానికి పూసినది ఆవు కొవ్వో పంది కొవ్వో అన్న అనుమానం బారక్‌పూర్ నుంచి మీరట్ దాకా పాకింది. మరుసటి ఏడాదికి కంపెనీ పాలనే అంతమైంది. సరిగ్గా అదే 1857లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో స్మిత్ అండ్ వెసన్ సంస్థ చిటికెన వేలి కొసంత లోహపు తూటాను అమ్మకానికి పెట్టింది. కొరికే పని లేదు, మందు పోసే పని లేదు. తూటా అడుగున ఉన్న అంచు మడతలోనే పేలుడు రసాయనం ఉంటుంది; తుపాకీలోని సూది ఆ అంచును నలగ్గొట్టగానే నిప్పు అంటుకుంటుంది. అందుకే దానికి రిమ్‌ఫైర్ అని పేరు. ఆ కుదురులోనే 1887లో స్టీవెన్స్ సంస్థ తెచ్చిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా, మొదటిసారి రైఫిల్ పట్టేవారికి ప్రపంచమంతటా నేటికీ తొలి తూటా.

మొదటి రైఫిల్‌కు ఏ తూటా ఎంచుకోవాలన్న ప్రశ్నకు సాంకేతికంగా సమాధానం కష్టమేమీ కాదు. సాధారణంగా సీసపు గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. తేడా అంతా వేగంలోనే. సాధారణ రకం సెకనుకు 1,070 అడుగుల దగ్గర బయలుదేరుతుంది; వేగం ఎక్కువైన రకం 1,200 దాటుతుంది. ధ్వని వేగం సుమారు 1,125 అడుగులు. ధ్వనిని మించి బయలుదేరిన గుండు దారిలో ఆ వేగం కన్నా కిందికి దిగేటప్పుడు కుదుపుకు లోనవుతుంది. కాబట్టి గురి సాధన చేసేవారు నెమ్మదైన దానినే కోరుకుంటారు. ఒక్కో గొట్టానికి ఒక్కో రకం తూటా నప్పుతుంది కనుక, నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా కొని, 50 మీటర్ల దూరంలో కాల్చి చూసి, గుండ్లన్నీ దగ్గరదగ్గరగా పడిన రకాన్నే, వీలైతే అదే లాట్ నుంచి, మళ్లీ కొనడం అనుభవజ్ఞుల పద్ధతి. ఖరీదైనదే మంచిదని ఇక్కడ చెప్పలేం.

భారతదేశంలో మాత్రం ఈ ప్రశ్నకు ముందే మరొకటి నిలబడుతుంది: లైసెన్సు మీద ఎన్ని తూటాలకు అనుమతి రాశారు?

దీని మూలం లార్డ్ లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధ చట్టంలో ఉంది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియనుడికి మినహాయింపు. అవమానం తుపాకీ విషయంలో కనిపించినా, అసలు పట్టు తూటా మీదే. తుపాకీ ఒకసారి దాచిపెడితే తరాలు ఉంటుంది. తూటా కాల్చగానే అయిపోతుంది, మళ్లీ సర్కారు గుమ్మం తొక్కాల్సిందే. విప్లవకారులకు ఇది బాగా తెలుసు. 1914లో కలకత్తాలో రోడ్డా కంపెనీ సరుకును తప్పించినప్పుడు 50 మౌజర్ పిస్తోళ్లతో పాటు 46,000 తూటాలు చేజిక్కించుకున్నారు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసినప్పుడు తుపాకులతో పాటు మందుగుండునూ తీసుకువెళ్లాడు. చిట్టగాంగ్‌లో సూర్యసేన్ దళానికి ఆ అదృష్టం దక్కలేదు. 1930 ఏప్రిల్ 18 రాత్రి సహాయక దళ ఆయుధాగారంలో లూయిస్ గన్లు, రైఫిళ్లు దొరికాయి గాని, వాటి తూటాలు కనిపించలేదు. నాలుగు రోజుల తరువాత జలాలాబాద్ కొండపై ఆ యువకులు పోలీసు మస్కెట్లతోనే సైన్యాన్ని ఎదుర్కొన్నారు. అన్ని నెలల సన్నాహం ఆ ఒక్క లోటు దగ్గర విరిగిపోయింది.

అదే ఏడాది జనవరిలో గాంధీజీ ప్రకటించిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సులు ఒకటి. అహింసావాది కోరిక కావడమే విశేషం. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది. ఆ వాగ్దానం స్వాతంత్ర్యం దాటి ముందుకు రాలేదు. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దానిని గుర్తుచేస్తూ సవరణ తెస్తే అంబేడ్కర్ వ్యతిరేకించారు, సభ తోసిపుచ్చింది. రాజ్యాంగం 19వ అధికరణలో మిగిలింది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు. విభజన రక్తం ఆరని రోజులవి. సభ జంకును తప్పుపట్టలేం. తప్పుపట్టవలసింది 1959 చట్టంలోనూ లిట్టన్ కాలపు అనుమాన స్వభావం మిగిలిపోవడాన్ని. సైన్యం వాడిన పాయింట్ 303 పౌరులకు నిషిద్ధం. వారి కోసం ఈశాపూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం పాయింట్ 315 రైఫిల్ తయారు చేసింది. సైనిక తూటా అందులో పట్టదు.

పాయింట్ 22 ఒక్కదానికే చట్టం కొంత చోటు ఇచ్చింది. 1948లో ఏర్పడిన ఎన్‌సీసీ ద్వారా లక్షలాది విద్యార్థులు మొదటిసారి ట్రిగ్గర్ నొక్కింది ఈ రైఫిల్‌తోనే. అక్కడ తూటా ఎంపిక అన్నదే లేదు, ఇచ్చినవి కాల్చి ఖాళీ తొడుగులు లెక్కకు అప్పగించాలి. ఒకరికి మూడు తుపాకులే అని 1983లో సవరణ చేసినప్పుడు, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధనకు వాడే పాయింట్ 22 రైఫిల్‌నూ ఎయిర్ రైఫిల్‌నూ ఆ పరిమితి నుంచి తప్పించారు. 2019లో ఆ మూడు రెండయ్యాయి.

ఇంతకీ ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో భారత్ తొలి పతకాలు ఎక్కడ వచ్చాయి? 2008లో అభినవ్ బింద్రా, 2012లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. దానికి తూటాయే అక్కర్లేదు, గాలి తోసే సీసపు గుళిక చాలు. కారణాలు అనేకం ఉండవచ్చు గాని, పౌరుడికి సులువుగా దొరికే సామగ్రితోనే దేశం మొదట గెలిచిందన్నది గమనించదగ్గది. పాయింట్ 22తో ఆడే 50 మీటర్ల రైఫిల్ పోటీలో పతకం రావడానికి 2024 పారిస్ దాకా ఆగాలి. ఆ కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పటికి మధ్య రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా ఉండేవాడు. ఆ లక్ష్యంపై పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు.