ఉద్దానపు చీలమండలు

కవిటి, సోంపేట, పలాస ప్రాంతములలో సముద్రతీరము వెంబడి పరచుకొన్న ఉద్దానపు తోటలలో, పాదములకు బంధము తగిలించుకొని కొబ్బరిచెట్టు నెక్కి కాయలు దింపు వారి జీవిక యావత్తును చీలమండల సత్తువపైననే నిలిచియున్నది. వానలో పాచిపట్టిన మ్రానుపై కాలుజారి మడమలపై పడినవాని దేహభారమంతయు, జంఘాస్థికిని మడమయెముకకును నడుమనున్న టాలస్ అను చిన్నయెముకపై విరుచుకొనిపడును. ఆ యెముకను చాలమట్టుకు మృదులాస్థియే కప్పియుండుటచేత రక్తనాళములు చొచ్చు తావు స్వల్పము. కావుననే అచటి గాయము మానుట దుర్లభము.

పూర్వము పుత్తూరు కట్టువంటి సంప్రదాయములలో ఆకుపసరు పూసి వెదురుబద్దలతో బిగించెడివారు. విరిగిన యెముకను కదలనీయక నిలుపుటలో ఆ కట్టు గుణమును నేను తక్కువచేయను; కాని కీలులోపల పెచ్చులూడిన మృదులాస్థి యెంతటి నేర్పరి వ్రేళ్లకును అందునది కాదు. నశించిన మృదులాస్థి తిరిగి కోలుకొనదని విలియం హంటరు అను వైద్యుడు 1743లోనే వ్రాసెను. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొనినను, మృదులాస్థి దానిలో కానరాదు. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసిన తరువాత ఈ సీమవారికి శస్త్రవైద్యము కొంత చేరువయ్యెను. 1959లో బెర్న్‌ట్, హార్టీ అను వైద్యులు టాలస్ గాయములను నాలుగు దశలుగా విభజించిరి.

నేడు సన్నని అంతర్దర్శిని నాళముతో కీలులోనికి చూచి, ఊడిన పెచ్చులను తొలగించి, అడుగుయెముకకు చిన్నరంధ్రములు పొడిచి, ఊరిన రక్తమునుండి క్రొత్తపొర పుట్టునట్లు చేయుదురు. అది తొల్లింటి మృదులాస్థియంత దృఢము కాదు. పిమ్మట కొన్ని వారములు కాలుమోపక కూర్చుండవలెను. దినకూలికి చెట్టెక్కువానికి చికిత్సలో మిక్కిలి కఠినమైన భాగ మిదియే.