ఒక మాత్ర, ఒక చట్టం, మా బాబాయి మూడెకరాలు

పోయిన నెల మా టీమ్‌లో ఓ కుర్రాడు మొహమాటపడుతూనే అందరికీ ఓ మెయిల్ పెట్టాడు. వాళ్ళ నాన్నగారికి ఊపిరితిత్తుల కేన్సరు. కంపెనీ ఇన్సూరెన్సు పరిమితి మూడు నెలల్లో కరిగిపోయింది. తలా కొంత వేశాం. ఆ సాయంత్రం టీ దగ్గర అడిగాడు: “అన్నా, అంత చిన్న మాత్ర అంత ఖరీదేంటి? బంగారంతో చేస్తారా?”

అప్పుడేదో చెప్పి తప్పించుకున్నా గానీ, ఆ ప్రశ్నకి నా దగ్గర కాస్త పొడుగాటి జవాబే ఉంది. ఇరవయ్యేళ్ళ క్రితం అదే ప్రశ్న నేనూ వేసుకున్నా మరి.

2006 ఎండాకాలం. మా బాబాయి సత్తెనపల్లి దగ్గర మిరప, ప్రత్తి వేసే రైతు. మూడెకరాల సొంత పొలం, ఇంకో రెండెకరాల కౌలు. నీరసం, రాత్రిళ్ళు చెమటలు, ఎడమ పక్క డొక్కలో బరువు. గుంటూరులో రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు లక్షల్లో ఉన్నాయి. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అన్నారు. మావాళ్ళకి అందులో అర్థమైంది ఒక్కటే, బ్లడ్ కేన్సర్. అప్పటి తెలుగు సినిమా పుణ్యమా అని బ్లడ్ కేన్సరంటే దగ్గుతూ రక్తం కక్కి, ఒక పాట పాడి పోవడమేగా! పిన్ని ఆ రోజు నుంచి అన్నం మానేసింది.

నేనప్పటికి హైదరాబాదులో మూడేళ్ళ అనుభవం ఉన్న సాఫ్టువేరోణ్ణి. జీతం 32 వేలు. మా కంపెనీ ఇన్సూరెన్సు భార్యకి, పిల్లలకి, అమ్మానాన్నలకి వర్తిస్తుంది, బాబాయికి కాదు. (మనకి బాబాయంటే చిన్న నాన్నే గానీ పాలసీ రాసేవాడికి ఆ సంగతెలా తెలుస్తుంది?) ఆ రాత్రి నెట్‌లో వెతికితే గ్లివెక్ అనే మాత్ర గురించి తెలిసింది. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బుకి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, కుదిరితే మూలుగ మార్పిడి తప్ప గతి లేదు. ఈ మాత్ర రోజుకొకటి వేసుకుంటే మనిషి మామూలుగా తిరుగుతాడట. చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కిందే ధర కనబడింది. నెలకి దాదాపు లక్షా ఇరవై వేలు. అదీ కోర్సు కాదు, బతికినంత కాలం.

నాకు తెలిసిన లెక్క వేశాను. మా ఊళ్ళో ఎకరం అప్పుడు మూడు లక్షలు. మూడెకరాలూ అమ్మితే తొమ్మిది లక్షలు. అంటే ఏడున్నర నెలలు. ఆ తర్వాత?

మర్నాడు ఈ లెక్క ఫోన్లో నాన్నకి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. “వాడితో చెప్పబాకరా” అన్నాడు చివరికి. చెప్పకపోయినా బాబాయి ఊహించాడు. పొలం అమ్మితే ఒప్పుకోనని, ఆడపిల్ల పెళ్ళి అయ్యేదాకా ఎలాగో లాగిస్తే చాలని పిన్నితో అన్నాడట.

వారం తర్వాత హైదరాబాదులో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన చీటీ మీద ‘వీనాట్ 400’ అని రాసి, “అదే మందు, మన హైదరాబాదు కంపెనీవాళ్ళు చేస్తారు” అన్నాడు. నెలకి పది వేల లోపే. నాకు నమ్మకం కలగలేదు. అదే మందయితే పన్నెండో వంతు ధరకెలా ఇస్తారు, నకిలీ గానీ కాదు కదా? పైకి అనలేదనుకోండి. మా అదృష్టం అనుకుని కొనుక్కొచ్చేశా.

అదృష్టం కాదని తెలియడానికి నాకు ఇంకో ఏడెనిమిదేళ్ళు పట్టింది.

ఈ కథ మొదలెట్టాల్సింది 1959లో. అప్పటికింకా మనకి బ్రిటిషు వాడిచ్చిన 1911 నాటి పేటెంటు చట్టమే. మందుల పేటెంట్లు ఎక్కువగా విదేశీ కంపెనీలవి. అవి ఇక్కడ తయారు చెయ్యవు, ఇంకొకణ్ణి చెయ్యనివ్వవు. అమెరికా సెనేట్‌లో కెఫావర్ అనే ఆయన మందుల ధరల మీద జరిపించిన విచారణలోనే, మందుల ధరలు బాగా ఎక్కువున్న దేశాల్లో ఇండియా ఒకటని తేలింది. బీదదేశంలో అత్యధిక ధరలు! జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక దీనికో దారి చూపించింది. దాన్నుంచే 1970 పేటెంట్ల చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ నుంచి అమలైంది.

అందులో కీలకం ఏంటంటే, మందు మీద పేటెంటు లేదు, దాన్ని తయారు చేసే పద్ధతి మీదే ఉంటుంది. అదీ మహా అయితే ఏడేళ్ళు. మన భాషలో చెప్పాలంటే ఔట్‌పుట్ మీద హక్కు లేదు, నీ కోడ్ మీదే హక్కు. ఇంకొకడు వేరే కోడ్ రాసి అదే ఔట్‌పుట్ తెప్పించుకుంటే నువ్వేమీ అనలేవు. మనవాళ్ళకి ఇంకేం కావాలి! రసాయనశాస్త్రం చదివిన ఒక తరం మొత్తం ‘వేరే కోడ్’ రాయడంలో ఆరితేరిపోయింది.

ఆ తరానికి బడి మన హైదరాబాదే. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్, సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. అంజిరెడ్డి గారు సొంత కంపెనీలు పెట్టక ముందు పనిచేసింది అక్కడే. అక్కడ పని నేర్చినవాళ్ళు, వాళ్ళ దగ్గర నేర్చినవాళ్ళు కలిసి ఊరి చుట్టూ బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టేశారు. (అవి జీడిమెట్ల, పటాన్‌చెరు చెరువుల్ని ఏం చేశాయన్నది ఇంకో కథ. అదంత గొప్పగా చెప్పుకునేది కాదు.) నాట్కో కూడా 1981లో హైదరాబాదులోనే మొదలైంది. పెట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి గారిది గుంటూరు జిల్లా. ఈ సంగతి చెప్పినప్పుడు బాబాయి మొహం చూడాలి, మందు సగం అక్కడే పనిచేసినట్టుంది.

ఇంతలో 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. మందుల మీద కూడా పేటెంట్లివ్వాలని ఒప్పందం. మనకి 2005 జనవరి 1 దాకా గడువు. ఆలోపు వచ్చే దరఖాస్తులు తీసుకుని పక్కన పెట్టాలి. గ్లివెక్‌లో అసలు పదార్థమైన ఇమాటినిబ్‌ని నోవార్టిస్‌లో కలిసిపోయిన సీబా-గైగీ 1993 నాటికే విదేశాల్లో పేటెంటు చేసుకుంది. అప్పుడు ఇక్కడ మందులకి పేటెంటే లేదు. అందుకని 1998లో అదే పదార్థపు లవణానికి ‘బీటా స్ఫటిక రూపం’ పేరుతో చెన్నైలో దరఖాస్తు పెట్టారు. (మన బీటా వెర్షనుకీ దీనికీ సంబంధం లేదు. కానీ గొడవంతా అదే. ఇది కొత్త ప్రోడక్టా, పాతదానికే కొత్త రిలీజా?)

2003 నవంబరులో ఆ కంపెనీకి ప్రత్యేక అమ్మకం హక్కులు దొరికాయి. కోర్టుకెళ్ళి మన కంపెనీల మీద మద్రాసు హైకోర్టులో స్టే తెచ్చుకుంది. నేను 2006లో చూసిన లక్షా ఇరవై వేలు ఈ కాలానిదే. ముంబైలోని కేన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ ఆ హక్కుల మీద సుప్రీంకోర్టుకి వెళ్ళింది. రోగుల సంఘం పేటెంట్ల మీద కేసెయ్యడం అప్పటికి మన దగ్గర వింతే. ఇంకోమాట చెప్పకపోతే అన్యాయం. అదే కంపెనీ 2002 నుంచి వేల మంది భారతీయులకి ఈ మాత్ర ఉచితంగానే ఇచ్చింది. చాలామంది దానివల్లే బతికారు. కాకపోతే దానం ఇచ్చేవాడి ఇష్టం. ఎవరికివ్వాలో, ఎప్పుడాపాలో వాడే చెప్తాడు. ధర తగ్గితే ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు.

2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. బయటి నుంచి మద్దతిస్తున్న వామపక్షాలు పట్టుబట్టడంతో కొన్ని మెలికలు చేరాయి. అందులో 3(డి) అనే సెక్షను ఒకటి. తెలిసిన పదార్థానికే కొత్త రూపం తెస్తే పేటెంటు లేదు, దాని గుణం గణనీయంగా పెరిగితే తప్ప. అంటే 1.0కి చిన్న ప్యాచ్ వేసి 2.0 అని ఇరవయ్యేళ్ళ లైసెన్సు అడక్కూడదు.

ఈ సెక్షను కూడా ఒక కారణంగా చూపించి చెన్నై పేటెంటు ఆఫీసు గ్లివెక్ దరఖాస్తుని తోసిపుచ్చింది. దానితో ప్రత్యేక హక్కులూ పోయాయి. ఎప్పుడనుకుంటున్నారు? 2006 జనవరిలో.

బాబాయికి జబ్బు బయటపడింది అదే ఏడాది మేలో! నాలుగు నెలల తేడా. ఆ తారీఖు మొదటిసారి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగా. మేం అందరం కలిసి బాబాయిని నిలబెట్టామని అప్పటిదాకా నా నమ్మకం. నేను నాలుగు వేలు, అమెరికాలో ఉన్న అత్తయ్య కొడుకు మూడు వేలు, మిగతాది నాన్న. పిన్ని ఒక అట్ట పుస్తకంలో నెల నెలా ఎవరెంతిచ్చారో రాసేది. అది అబద్ధమనను. రైతుకి నెలకి పది వేలంటే మాటలు కాదు. 2007 ఏప్రిల్లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైతే గుంటూరు అందులో లేదు కూడా. కానీ ధర లక్షా ఇరవై వేలుండుంటే మా ప్రేమాభిమానాలన్నీ పోగేసినా ఏడాది దాటేది కాదు. పుస్తకంలో లెక్క సరిపోయిందంటే, ఆ పుస్తకంలో పేర్లు లేనివాళ్ళు చాలామంది వెయ్యాల్సింది వేసి ఉన్నారు.

కంపెనీ ఊరుకోలేదు. 3(డి) రాజ్యాంగ విరుద్ధమంది, 2007లో మద్రాసు హైకోర్టు కాదంది. 2009లో అప్పిలేట్ బోర్డు కూడా కాదంది. సుప్రీంకోర్టుకెళ్ళింది. ఆ మధ్యలోనే, 2012 మార్చిలో, నాట్కోకి ఇంకో మందు విషయంలో దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు దక్కింది. బేయర్ వారి నెక్సావర్ అది, కిడ్నీ, లివర్ కేన్సర్లకి. నెలకి 2,80,428 రూపాయలున్న మందుని 8,880కి అమ్మాలి, బేయరుకి రాయల్టీ కట్టాలి.

మా కుర్రాడికి ఈ కథ మొత్తం చెబితే తప్పకుండా అడుగుతాడు, మరి మా నాన్న మందుకి ఇదేదీ వర్తించదా అని. వర్తించదు. అది కొత్తగా కనిపెట్టిందే, ప్యాచ్ కాదు. పేటెంటు అసలైనదే, 3(డి) దాన్నేమీ చెయ్యలేదు. పరిశోధనకయిన ఖర్చు ఎవడో ఒకడు భరించాలన్నదీ నిజమే, నేనూ కోడ్ అమ్ముకుని బతికేవాణ్ణే. ఇక కంపల్సరీ లైసెన్సంటారా, మొదటిది ఇచ్చి పన్నెండేళ్ళు దాటినా రెండోది ఇవ్వలేదు. చట్టంలో ఆ తలుపు ఉంది, తీసేవాళ్ళే లేరు. అది ఎందుకు తీయరని అడిగే హక్కు మాత్రం ఆ కుర్రాడికుంది. అందుకే వాడికి ఇదంతా చెప్పాలనుకుంటున్నా, ఈసారి టీ తాగేటప్పుడు.

సుప్రీంకోర్టు తీర్పు 2013 ఏప్రిల్ 1న వచ్చింది. స్ఫటికం బాగా ఒదిగినంత మాత్రాన, ఎక్కువ కాలం నిలవున్నంత మాత్రాన రోగికి ఒరిగేదేమీ లేదు, జబ్బు నయం చేసే గుణం పెరిగిందని చూపించాలి, చూపించలేదు అని కొట్టేశారు. టీవీలో స్క్రోలింగ్ చూసి వెంటనే బాబాయికి ఫోన్ చేశా.

“బాబాయ్, నీ మందు కేసు గెలిచాం!”

“ఏప్రిల్ ఫూల్ చేస్తన్నావేంట్రా?”

“కాదు బాబాయ్, నిజంగానే. సుప్రీంకోర్టు.”

“అయితే మాత్రల రేటు పెరగదుగా?”

“పెరగదు.”

“సరే అయితే పెట్టెయ్, మబ్బు పట్టింది. కల్లంలో కాయ ఎండబోసి ఉంది.”