ఇంట్లో పైపు పొగ వాసన

ఇంట్లో పైపు పొగ వాసన అనగా మూసి ఉన్న గదులలో పొగాకు పైపు కాల్చినపుడు గాలిలో వ్యాపించి, ఆ తరువాత గోడలు, తెరలు, పరుపులు, పుస్తకాలు, దుస్తులలో నిలిచిపోయే వాసన. పైపు కాలుతున్నపుడు వచ్చే పరిమళం కొందరికి ఇష్టంగా ఉంటుంది. అదే పొగ మరునాటికి గదిలో ముక్కిపోయిన ఘాటు వాసనగా మారుతుంది. దీనిని తగ్గించడానికి పైపును శుభ్రపరచడం, గాలి మార్పిడి, వడపోత యంత్రాలు, సుగంధ దీపాలు మొదలైన పద్ధతులు వాడుకలో ఉన్నాయి. వాసన తగ్గినంత మాత్రాన పొగలోని హానికర పదార్థాలు గది నుండి తొలగిపోయినట్లు కాదు.

వాసనకు కారణాలు

పైపు గిన్నెలో సాధారణంగా 2 నుండి 3 గ్రాముల పొగాకు పడుతుంది. అది కాలడానికి అరగంట నుండి గంట వరకు సమయం పట్టవచ్చు. సిగరెట్టు కొద్ది నిమిషాలలోనే అయిపోతుంది కాబట్టి, ఒక్కసారి పైపు కాల్చినపుడు గది ఎక్కువసేపు పొగకు లోనవుతుంది. గదిలోకి పొగ రెండు విధాలుగా చేరుతుంది. మొదటిది పీల్చినవారు నోటితో వదిలే పొగ. రెండవది రెండు దమ్ముల మధ్య గిన్నె నుండి తనంతట తానే లేచే పొగ.

పొగాకు పొగలో సన్నని కణాలు, వాయువులు కలిసి ఉంటాయి. కణాలలో చాలా భాగం ఒక మైక్రోమీటరు కంటే చిన్నవి. ఇవి గంటల తరబడి గాలిలో తేలుతూ ఉండగలవు. వాసనకు ముఖ్య కారణాలు పిరిడిన్ జాతి పదార్థాలు, ఫినాళ్ళు, ఆల్డిహైడ్లు, అమ్మోనియా మొదలైనవి. నికోటిన్ క్షార స్వభావం గలది. ఇది గోడలకు, బట్టలకు, దుమ్ముకు సులభంగా అంటుకొని, తరువాత కొద్దికొద్దిగా తిరిగి గాలిలోకి విడుదల అవుతుంది. కిటికీలు తెరిచినపుడు పోయినట్లు అనిపించిన వాసన, వాటిని మూసిన తరువాత మళ్ళీ రావడానికి ఇదే కారణం. తేమ, వేడి పెరిగినపుడు ఈ వాసన మరింతగా తెలుస్తుంది.

ఒకే వాసనలో ఎక్కువసేపు ఉన్నవారి ముక్కు దానికి అలవాటు పడి, ఆ వాసనను గుర్తించడం మానివేస్తుంది. అందువలన పైపు కాల్చే వ్యక్తికి తన గదిలో వాసన లేదనిపించినా, బయటి నుండి వచ్చినవారికి గుమ్మంలోనే తెలిసిపోతుంది. గది వాసన విషయంలో కాల్చేవారి అంచనా కంటే కాల్చనివారి అభిప్రాయమే నమ్మదగినది.

చరిత్ర

ఇంట్లో పొగాకు వాసనను ఒక గదికి పరిమితం చేసే ప్రయత్నం 19వ శతాబ్దపు ఇంగ్లండులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కాలంలో సంపన్నుల ఇళ్ళలో పొగ త్రాగడానికి ప్రత్యేకమైన గదులు ఉండేవి. పురుషులు భోజనం తరువాత ఆ గదికి వెళ్ళి, మఖమలు కోటు, కుచ్చు టోపీ ధరించి పొగ త్రాగేవారు. కోటు లోపలి దుస్తులకు, టోపీ జుట్టుకు వాసన పట్టకుండా కాపాడేవి. స్త్రీలు ఉండే గదులలోకి వచ్చే ముందు వీటిని విడిచి వచ్చేవారు. విక్టోరియా రాణికి పొగాకు వాసన అంటే ఇష్టం ఉండేది కాదు. వైట్ ద్వీపంలోని ఆస్‌బోర్న్ భవనంలో పొగ త్రాగే గది ద్వారంపై రాణి పేరులోని అక్షరం లేకుండా, ఆమె భర్త ఆల్బర్ట్ పేరులోని మొదటి అక్షరం మాత్రమే కనిపిస్తుంది.

1898లో ఫ్రాన్సు దేశంలో మారిస్ బెర్జే అనే వ్యక్తి ఒక ప్రత్యేకమైన దీపానికి పేటెంటు పొందాడు. ఆల్కహాలును మంట లేకుండా ఉత్ప్రేరకపు బిళ్ళపై ఆక్సీకరించే ఈ దీపాన్ని మొదట రోగులు ఉండే గదులలో గాలిని శుభ్రపరచడానికి ఉద్దేశించారు. తరువాత ఇది లాంప్ బెర్జే పేరుతో ఇళ్ళలోకి వచ్చి, పొగాకు వాసనకు విరుగుడుగా ప్రసిద్ధి పొందింది.

పొగాకు రకాలు, వాటి వాసన

పైపు పొగాకు గదిలో మిగిల్చే వాసనను పైపు ప్రియులు రూమ్ నోట్ అంటారు. ఇది కాల్చేవారికి తెలిసే రుచికి పూర్తిగా భిన్నంగా ఉండవచ్చు.

* వర్జీనియా: వేడి గాలితో బ్యారన్లలో క్యూరింగు చేసిన, చక్కెర పాలు ఎక్కువగల పొగాకు. ఎండుగడ్డిని పోలిన వాసన ఇస్తుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో గుంటూరు, ప్రకాశం, గోదావరి ప్రాంతాలు ఈ రకానికి పేరుపొందాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది.
* బర్లీ: నీడలో గాలికి ఆరబెట్టిన పొగాకు. చక్కెర తక్కువ. కలిపిన సుగంధాలను బాగా పీల్చుకుంటుంది.
* కావెండిష్: ఆవిరి పట్టి, అదిమి, తరచుగా వనిల్లా, చెర్రీ, రమ్ము వంటి సువాసనలు కలిపి తయారుచేసినది. దీని వాసన పక్కవారికి తక్కువ ఇబ్బందిగా ఉంటుందని పేరు.
* లటాకియా: సిరియాలోని రేవు పట్టణం పేరు మీద ఏర్పడినది. ఆకును కట్టెల పొగలో ఆరబెడతారు. కాలిన కట్టెను పోలిన దీని వాసన గదిలో చాలాకాలం నిలుస్తుంది.
* పెరీక్: అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పీపాలలో బరువు పెట్టి పులియబెట్టిన పొగాకు. ఘాటు ఎక్కువ కాబట్టి ఇతర రకాలలో కొద్దిగా కలుపుతారు.

సువాసన కలిపిన పొగాకును ఎంచుకుంటే కాలుతున్నపుడు వచ్చే వాసన మారుతుంది. మరునాడు మిగిలే తారు, నికోటిన్ మాత్రం అన్ని రకాలలోను ఉంటాయి.

వాసన తగ్గించే పద్ధతులు

పైపు, బూడిద శుభ్రత

గదిలోని పాత వాసనకు ఒక ముఖ్యమైన మూలం పైపే. కాల్చిన తరువాత గిన్నె అడుగున మిగిలే తడి పొగాకును డాటిల్ అంటారు. దీనిని వెంటనే తీసివేయకపోతే ఘాటు వాసన వస్తుంది. కాడలో పేరుకున్న తారును పైపు క్లీనర్లతో తుడుస్తారు. అప్పుడప్పుడు కొద్దిగా ఆల్కహాలులో తడిపిన క్లీనరును కూడా వాడుతారు. పైపు లోపల మసిపొర మరీ మందంగా పేరుకోకుండా చూడాలి. బూడిదను మూతగల లోహపు డబ్బాలో పోసి, పూర్తిగా చల్లారిన తరువాత బయట పారవేయాలి. నిప్పు ఉన్న బూడిదను కాగితాల చెత్తబుట్టలో వేయడం అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు.

గాలి మార్పిడి

ఒకే కిటికీ తెరవడం కంటే, ఎదురెదురుగా రెండు ద్వారాలు తెరిచి, ఒకదానిలో గాలిని బయటికి నెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టడం మేలు. గాలి గదిలో సమంగా కలుస్తుందనుకుంటే, గది పరిమాణానికి సమానమైన గాలి ఒకసారి మారినపుడు గాలిలోని పొగలో దాదాపు 63 శాతం, మూడుసార్లు మారినపుడు దాదాపు 95 శాతం బయటికి పోతుంది. ఉదాహరణకు 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గది పరిమాణం 36 ఘనపు మీటర్లు. గంటకు 360 ఘనపు మీటర్ల గాలిని బయటికి పంపే ఫ్యానుతో మూడుసార్లు గాలి మారడానికి 18 నిమిషాలు పడుతుంది. ఈ లెక్క పైపు ఆరిన తరువాతి కాలానికి మాత్రమే వర్తిస్తుంది. గోడలకు, బట్టలకు అప్పటికే అంటుకున్న పదార్థాలకు ఇది వర్తించదు.

సీలింగు ఫ్యాను పొగను గదంతా కలుపుతుందే గాని బయటికి పంపదు. ఇళ్ళలో వాడే స్ప్లిట్ ఏసీలు సాధారణంగా గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ త్రిప్పుతాయి. తారు వాటి లోపలి భాగాలకు అంటుకొని, ఏసీ వేసినపుడల్లా వాసన వస్తుంది. అపార్టుమెంట్లలో బయటికి పంపిన పొగ గాలి వెలుతురు కోసం వదిలిన సందుల ద్వారా పొరుగు ఇళ్ళలోకి చేరవచ్చు.

వడపోత యంత్రాలు

హెపా వడపోతలు 0.3 మైక్రోమీటర్ల కణాలలో 99.97 శాతం పట్టగలవు. వాయువులను ఇవి ఆపలేవు. వాసనలో ఎక్కువ భాగం వాయువుల వలననే కలుగుతుంది కాబట్టి, యాక్టివేటెడ్ కార్బన్ పొర కూడా ఉండాలి. కార్బన్ నిండిన తరువాత పనిచేయదు కాబట్టి దానిని మారుస్తూ ఉండాలి. పొయ్యిలో వాడే మామూలు బొగ్గుకు ఈ శక్తి చాలా తక్కువ. ఓజోను వాయువును విడుదల చేసే యంత్రాలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. మనుషులు ఉండగా సురక్షితమైన మోతాదులో ఓజోను వాసనలను తొలగించడానికి అంతగా ఉపయోగపడదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తెలిపింది.

వాసనను కప్పే పద్ధతులు

సాంబ్రాణి, అగరుబత్తీలు, కొవ్వొత్తులు, సెంటు స్ప్రేలు పొగాకు వాసనను తొలగించవు. వేరొక వాసనతో దానిని కప్పుతాయి. సాంబ్రాణి, అగరుబత్తీలు కాలినపుడు వచ్చే పొగలో కూడా సన్నని కణాలు ఉంటాయి కాబట్టి గదిలో కణాల సంఖ్య పెరుగుతుంది.

గోడలు, వస్త్రాలు

నికోటిన్ క్షారం కాబట్టి, సమానంగా నీరు కలిపిన వినిగరు వంటి బలహీన ఆమ్లంతో గాజు, చెక్క తలుపులు, పెయింటు వేసిన గోడలు తుడిస్తే అది కరిగి వస్తుంది. పాలరాయి వంటి రాళ్ళపై వినిగరు మచ్చలు వేస్తుంది. వినిగరును బ్లీచింగు పౌడరుతో గాని, బ్లీచ్ ద్రవంతో గాని కలపరాదు. అలా కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తెరలు, దుప్పట్లు ఉతికి ఎండలో ఆరవేయాలి. పరుపులు, సోఫాలు, తివాచీలలో లోతుగా పట్టిన వాసన పూర్తిగా పోవడం కష్టం. ఏళ్ళ తరబడి పొగ పట్టిన గోడలపై నేరుగా రంగు వేస్తే పసుపు మచ్చలు, వాసన మళ్ళీ పైకి రావచ్చు. అందుచేత ముందుగా గోడ కడిగి, మరకలను ఆపే ప్రైమరు వేస్తారు.

వాసన, ఆరోగ్యం

పక్కవారు పీల్చే పొగాకు పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథంలో మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక ప్రకారం ఇటువంటి పొగకు ప్రమాదరహితమైన మోతాదు అంటూ లేదు. గదులను వేరుచేయడం, గాలిని శుద్ధి చేయడం, గాలి మార్పిడి వంటి చర్యలు పొగ త్రాగనివారిని పూర్తిగా కాపాడలేవని కూడా ఆ నివేదిక పేర్కొన్నది.

వస్తువులకు అంటుకొని మిగిలిపోయే అవశేషాలను మూడవ రకపు పొగ అని వ్యవహరిస్తారు. ఈ మాట 2009లో పీడియాట్రిక్స్ పత్రికలో వెలువడిన ఒక వ్యాసం తరువాత బాగా ప్రచారంలోకి వచ్చింది. 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు, గోడలకు అంటిన నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లను ఏర్పరుస్తుందని చూపారు. ఇళ్ళలో నైట్రస్ ఆమ్లానికి గ్యాసు పొయ్యి ఒక మూలం. నేలపై ప్రాకుతూ, చేతికందిన వస్తువులను నోటిలో పెట్టుకొనే పసిపిల్లలకు ఈ అవశేషాలు ఎక్కువగా సోకుతాయి. గదిలో వాసన లేదు కాబట్టి పిల్లలను అక్కడ పడుకోబెట్టవచ్చు అనుకోవడం సరికాదు. పైపును ఇంటి బయట, తలుపులు కిటికీలకు దూరంగా కాల్చడం, లేదా మానివేయడం మాత్రమే ఇంటి గాలిని పొగ నుండి పూర్తిగా కాపాడే మార్గాలు.

చుట్ట పొగ

తెలుగువారిలో పైపు కంటే చుట్ట వాడుక ఎక్కువ. గోదావరి లంకలలో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపొందింది. గాలికి ఆరబెట్టి పులియబెట్టిన పొగాకు పొగ క్షార గుణం కలిగి ఉంటుంది కాబట్టి చుట్ట వాసన కూడా గదిలో గట్టిగా నిలుస్తుంది. పై పద్ధతులు, వాటి పరిమితులు చుట్టకు కూడా వర్తిస్తాయి. పాతకాలపు ఇళ్ళలో వీధి అరుగు మీద కూర్చొని చుట్ట కాల్చినపుడు పొగలో చాలా భాగం ఆరుబయటికే పోయేది.

చట్టం

భారతదేశంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం క్రింద చేసిన నియమాల ప్రకారం 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగడం నిషేధించబడినది. కార్యాలయాలు, భోజనశాలలు దీని పరిధిలోకి వస్తాయి. సొంత ఇళ్ళకు ఈ నిషేధం వర్తించదు. అందుచేత ఇంటిలోపలి పొగ విషయంలో నిర్ణయం ఆ ఇంటివారిదే.

ఇవి కూడా చూడండి

* పొగాకు
* చుట్ట
* హుక్కా
* ధూమపానం
* నికోటిన్