తోడు

మైపాడు దగ్గర మా వీధి పిల్లలకు ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠం మళ్లీ చెప్పాల్సి వస్తే నేను పుస్తకం తెరవను. పెరుగు గిన్నె ముందు పెడతాను. ‘పాలలో అమ్మ ఏం వేసింది?’ అంటే ‘తోడు’ అంటారు. సగం పాఠం ఆ మాటలోనే ఉంది.

తోడు అంటే జత, సాయం. తోడబుట్టినవాళ్లు, తోడికోడలు, చీకట్లో తోడు రావడం అన్నీ ఆ ఇంటి మాటలే. తృతీయా విభక్తిలోని ‘తోడన్’ కూడా అదే. ‘అమ్మతో’ అన్నప్పుడు పలికే ‘తో’ దాని పొట్టి రూపు. చెంచాడు మజ్జిగకు ఈ పేరు పెట్టినవాళ్లకు బాక్టీరియా సంగతి తెలియదు. పాలు ఒంటరిగా గడ్డపెరుగు కావని మాత్రం బాగా తెలుసు. ఈ తోడుకే చేమిరి అనే చక్కని మాటా ఉంది, అది మరుగున పడకూడదు.

పాలు పులవడం ప్రాణుల పనేనని లూయీ పాశ్చర్ 1857లో చెప్పాడు. లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపుకు కేసీన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది. పిల్లల చేత రెండు గ్లాసుల్లో తోడు వేయిస్తాను: ఒకదాంట్లో గోరువెచ్చని పాలు, ఇంకోదాంట్లో పొంగుతున్న పాలు. తెల్లారేసరికి మొదటిది గ్లాసు వంచినా కదలదు. రెండోది తోడుకోదు, వేడికి బాక్టీరియా చచ్చిపోయింది.

మా వైపు రొయ్యల గుంటల గట్ల మీద డ్రమ్ముల్లో బెల్లం, తవుడు, ఈస్ట్ కలిపి పులియబెట్టి నీళ్లలో పోస్తారు. పాఠంలో ఆ సంగతి వచ్చినప్పుడు ‘అయితే అది గుంటకు తోడు’ అంది ఒక పాప. ఆ మాట నేను నేర్పింది కాదు.