నీరు త్రాగే బాటకు వచ్చే ముసలితనము

నర్సీపట్నము నుండి చింతపల్లికి పోయే ఘాటురోడ్డు లంబసింగి వద్ద సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తునకు చేరుతుంది. వానకాలములో ఈ దారిని పోయినవారు కొండవాలు నుండి ఎర్రనీరు రోడ్డుపైకి దిగుట చూచియే ఉందురు. ఆ ఎరుపు సన్నని మన్ను. రోడ్ల చరిత్రలో ఇటువంటి సన్నని పొడి ఒకప్పుడు మిత్రుడు, మరియొకప్పుడు శత్రువు.

ఈ కొండలలో రోడ్డు వేయుట తేలికగా జరుగలేదు. 1920 తరువాతి తొలి యేండ్లలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులచే చాలీచాలని కూలికి ఇక్కడ రోడ్డుపని చేయించినాడు. అటవీ నిబంధనల బాధకు ఈ బాధ తోడై, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై జరిపిన దాడికి దారితీసినది.

ఆ కాలపు కంకర రోడ్లకు మూలపురుషుడు స్కాట్లండు దేశీయుడైన జాన్ లౌడన్ మెకాడం. ఆయన 1816లో బ్రిస్టల్ రోడ్ల సర్వేయరైనాడు. నేల పొడిగా ఉంటే బరువు మోయును, తడిసితే మెత్తబడునని ఆయన గ్రహించినాడు. కావున బాటను చుట్టునేలకంటె ఎత్తుచేసి, ఆరు ఔన్సులకు మించని రాతిముక్కలు పరచవలెనన్నాడు. బండిచక్రముల క్రింద నలిగిన రాతిపొడి సందులలో కూరుకొని ముక్కలను బిగించును. వయస్సు పెరిగినకొద్దీ ఆ బాట నీటికి తలుపు మూసుకొనును. అదే దాని బలము.

మోటారుల రబ్బరు చక్రములు వచ్చి ఆ పొడిని లేవగొట్టసాగినవి. 1902లో ఎడ్గార్ హూలీ తారు కలిపిన కంకరకు పేటెంటు పొందినాడు. తారురోడ్లు పెరిగిన పట్టణములలో వాననీరు ఇంకుటకు చోటు లేకపోయినది. అప్పుడు ఇంజనీర్లు ఎదురుదారి పట్టినారు. 1970 తరువాత అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థ పరిశోధకులు సన్నపొడి తగ్గించి, సందులు మిగిల్చిన తారుబాటను పరిశీలించినారు. నీరు దానిగుండా దిగి, క్రింది కంకరలో నిలిచి, మెల్లగా నేలలో ఇంకును.

మెకాడంకు మేలుచేసిన పొడియే ఈ బాటకు ముసలితనము. అది ఎక్కువగా పైనున్న రెండు మూడు సెంటీమీటర్లలోనే పేరుకొనును. క్రొత్తలో గంటకు 1,000 మిల్లీమీటర్ల నీటిని దించిన బాట పదింట తొమ్మిది వంతుల శక్తి కోల్పోయినా, ఇంకను 100 మిల్లీమీటర్లు దించగలదు. అది మేఘవిస్ఫోటనమని పిలిచేటంత వాన! అందుచేత లోపము చాలకాలము కంటికి కనబడదు. కాని ప్రక్క వాలు నీరు కూడ దానిపైకే వచ్చినచో లెక్క తప్పును. పైగా ఆ నీరే మన్నును తెచ్చును.

నిటారైన ఘాటురోడ్డుకు ఇట్టి బాట తగదు. లోపలి నీరు పల్లమునకు జారిపోవును. చదునైన బండ్ల నిలుపుచోట్లకు, బడి ఆవరణలకు తగును. అక్కడ కూడ పైవాలు ఎర్రనీటిని ముందుగా కాలువకు మళ్ళించవలెను. పొడిని పీల్చు యంత్రముతో అప్పుడప్పుడు శుభ్రపరచవలెను.

ఉపాధ్యాయులు అడుగున చిల్లులున్న డబ్బాలో కంకర నింపి, నీరు దిగు కాలమును విద్యార్థులచే లెక్కింపించవచ్చును. పిదప పిడికెడు ఎర్రమన్ను చల్లి మరల చూడవలెను. బాట వేయుటకు ఒకనాటి శ్రమ చాలదనియు, కాపాడు చేతులకు కూడ న్యాయమైన కూలి లెక్కలో ఉండవలెననియు అప్పుడు వారికి బోధపడును.