బోధకునికి పరిశోధన ఎందుకు? విద్యాశాస్త్రంలో డాక్టరేట్ పట్టా: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మన సంఘాల్లో 'డాక్టర్' అనే మాటకు గౌరవం ఎక్కువ. సువార్త మహాసభల కరపత్రాల మీద, ఫ్లెక్సీల మీద ప్రసంగీకుని పేరు ముందు ఆ మాట లేకపోతే ఏదో వెలితిగా భావించే పరిస్థితి వచ్చింది. ఈ బలహీనతను ఆసరాగా తీసుకొని, ఏ చట్టం కిందా పట్టాలిచ్చే అధికారం లేని సంస్థలు సొమ్ము పుచ్చుకొని, ఒక సాయంకాలపు సభలో గౌను తొడిగి గౌరవ డాక్టరేట్లు పంచుతున్నాయి. మరోవైపు, వేదాంత విద్య ముగించిన యువ సేవకుల్లో కొందరు బి.ఎడ్., ఎం.ఎడ్. చేసి విద్యాశాస్త్రంలో పిహెచ్.డి. చేయాలని ఆశిస్తుంటే, "పిలుపు మరచి లోకం వైపు వెళ్తున్నారు" అని నొచ్చుకొనే పెద్దలున్నారు. పట్టాను కొనుక్కోవడానికీ, కష్టపడి సంపాదించేవారిని అనుమానించడానికీ కారణం ఒక్కటే. డాక్టరేట్ ఎందుకు పుట్టిందో మనం మరచిపోయాం.

విద్యాశాస్త్రంలో పరిశోధన సంఘానికి పరాయిది కాదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. సంఘం తన బడుల్లో, సండేస్కూళ్లలో మంచి మనసుతోనే అమలుచేసి, ఫలితం మాత్రం పరీక్షించకుండా వదిలేసిన పద్ధతుల చరిత్రే ఇందుకు బలమైన సాక్ష్యం.

1. బోధించే అధికారం

'డాక్టర్' అనే లాటిన్ మాటకు 'బోధకుడు' అని అర్థం. మధ్యయుగపు ఐరోపాలో ఈ పట్టా వైద్యానికో పరిశోధనకో గుర్తుగా కాక, బోధించడానికి ఇచ్చే అనుమతిగా మొదలైంది. ఆ అనుమతినిచ్చే అధికారం సంఘానిదే. 1179లో జరిగిన మూడవ లాటరన్ మహాసభ ప్రతి కెథడ్రల్‌లోనూ ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించి, గురువిద్యార్థులకూ పేద విద్యార్థులకూ ఉచితంగా చదువు చెప్పించాలని తీర్మానించింది. బోధించే అనుమతికి ఎవరూ రుసుము తీసుకోకూడదనీ, అర్హుడైనవానికి దానిని నిరాకరించకూడదనీ అదే తీర్మానం ఆదేశించింది. పట్టాను అమ్మడం తప్పని సంఘం ఎనిమిది శతాబ్దాల క్రితమే తేల్చిచెప్పిందన్న మాట.

మార్టిన్ లూథర్ 1512 అక్టోబరులో విట్టెన్‌బర్గ్‌లో వేదాంత డాక్టరు అయ్యాడు. సంస్కరణ కాలంలో "నీకేమి అధికారముంది?" అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, లేఖనాలను నమ్మకంగా బోధిస్తానని డాక్టరుగా తాను చేసిన ప్రమాణాన్ని ఆయన పలుమార్లు గుర్తుచేశాడు. ఆయన ఆ పట్టాను అలంకారంగా చూడలేదు. తన మెడమీద మోపిన బాధ్యతగా చూశాడు. బోధకులకు కఠినమైన తీర్పు ఉంటుందన్న యాకోబు హెచ్చరిక (యాకోబు 3:1) డాక్టరేట్‌కు కూడా వర్తిస్తుంది.

2. హాలే నుండి బెర్లిన్ వరకు

బోధనే ఒక శాస్త్రంగా అధ్యయనం చేయదగినదన్న ఆలోచన జర్మనీలో బలపడింది. ఇందులో హాలే పట్టణానికి ప్రత్యేక స్థానముంది. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే 1690లలో అక్కడ పేద పిల్లలకు బడి, అనాథాశ్రమం నెలకొల్పాడు. 1706లో తరంగంబాడిలో దిగిన జీగెన్‌బాల్గ్ ఆ వాతావరణంలో తయారైనవాడే. తెలుగులోకి బైబిలు అనువదించిన బెంజమిన్ షుల్జ్ కూడా హాలే నుండి వచ్చినవాడే. ఆయన తిరిగి వెళ్లిన తరువాత 1740లలో తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చయింది ఆ ఊరిలోనే.

అదే హాలే విశ్వవిద్యాలయంలో 1779లో ఎర్నెస్ట్ క్రిస్టియన్ ట్రాప్ విద్యాశాస్త్ర ఆచార్యుడయ్యాడు. జర్మనీలో ఈ శాస్త్రానికి ఇదే తొలి ఆచార్య పీఠం. పిల్లలను క్రమపద్ధతిలో గమనించి, ఆ ఆధారం మీద బోధనా సూత్రాలు నిర్ణయించాలని ట్రాప్ వాదించాడు. 1809లో హెర్బార్ట్ కోనిగ్స్‌బర్గ్‌లో ఒకప్పుడు కాంట్ నిర్వహించిన పీఠానికి వచ్చి, ఉపాధ్యాయ శిక్షణను పరిశీలనతో జోడించాడు. 1810లో వెలసిన బెర్లిన్ విశ్వవిద్యాలయ రూపకల్పనలో వేదాంతి ష్లయర్‌మాకర్ పాత్ర ముఖ్యమైనది. విద్యాశాస్త్రంపై కూడా ఆయన ఉపన్యాసాలిచ్చాడు. ఆచార్యుడు తెలిసినదాన్ని అప్పగించడమే కాక, తెలియనిదాన్ని విద్యార్థితో కలిసి వెదకాలన్న ఆదర్శం ఇక్కడ స్థిరపడింది. పరిశోధనా వ్యాసం ఆధారంగా ఇచ్చే నేటి పిహెచ్.డి. ఈ సంప్రదాయం నుండి వచ్చినదే. 1861లో యేల్ అమెరికాలో తొలి పిహెచ్.డి. పట్టాలిచ్చింది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ 1917లో గాని దీనిని స్వీకరించలేదు.

3. ఎగ్మూరు ప్రయోగం

ఈ చరిత్రలో మన దక్షిణ భారతదేశానికి నేరుగా సంబంధించిన అధ్యాయం ఒకటుంది. స్కాట్లండుకు చెందిన ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ గురువు 1787లో మద్రాసు చేరాడు. 1789 నుండి ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని పర్యవేక్షించాడు. ఒకనాడు వీధిబడి పిల్లలు నేలమీద కూర్చొని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టమన్నాడు. అక్కడి ఉపాధ్యాయులు ఇష్టపడలేదు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల విద్యార్థికే అక్షరాల తరగతి అప్పగించాడు. నేర్చిన పిల్లవాడు నేర్వని పిల్లవానికి చెప్పే ఈ పద్ధతికి 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. 1797లో బెల్ లండన్‌లో ప్రచురించిన చిన్న పుస్తకం పేరులోనే ఈ పనిని 'ప్రయోగం' అని పిలిచాడు.

ఆ తరువాతి కథ జాగ్రత్తగా గమనించాలి. ఇంగ్లండులో పేద పిల్లలు లక్షల్లో ఉన్నారు, ఉపాధ్యాయులు లేరు, డబ్బు లేదు. ఒకే ఉపాధ్యాయుడు వందలమందిని నడిపించగల పద్ధతి సంఘానికి వరంలా కనిపించింది. 1811లో ఏర్పడిన ఆంగ్లికన్ నేషనల్ సొసైటీ వేల బడుల్లో దీనిని అమలుచేసింది. ఇలాంటి పద్ధతినే జోసెఫ్ లాంకాస్టర్ అనుయాయులు స్వతంత్ర సంఘాల తరఫున నడిపారు. ఎవరు ముందు కనిపెట్టారన్న విషయంపై ఇరుపక్షాలూ ఏళ్లతరబడి వాదించుకున్నాయి. అయితే పిల్లలు నిజంగా చదివినది గ్రహిస్తున్నారా, లేక అప్పజెప్పడం మాత్రమే నేర్చుకుంటున్నారా అన్న ప్రశ్నను నిష్పక్షపాతంగా కొలిచి చూసే ఏర్పాటు ఏ పక్షమూ చేయలేదు. తనిఖీ అధికారులు బడులు చూసి అసంతృప్తి తెలిపాక, 1846లో ప్రభుత్వం వయసు వచ్చిన విద్యార్థులకు జీతమిచ్చి ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే ఏర్పాటు ప్రవేశపెట్టింది. మద్రాసు పద్ధతి క్రమంగా కనుమరుగైంది. అప్పటికి ఒక తరం పిల్లలు ఆ బడుల్లో చదివి వెళ్లిపోయారు.

బెల్ 1832లో మరణిస్తూ తన ఆస్తిలో అధికభాగం విద్యకే విడిచిపెట్టాడు. ఆ నిధితో సెయింట్ ఆండ్రూస్‌లో వెలసిన పాఠశాల పేరు నేటికీ 'మద్రాస్ కాలేజ్'. మిగిలిన నిధితో 1876లో ఎడిన్‌బరో, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాల్లో విద్యాశాస్త్ర పీఠాలు ఏర్పడ్డాయి. పరీక్షించని పద్ధతితో పేరుపొందిన గురువు సొమ్ము, చివరకు బోధనను పరీక్షించే శాస్త్రానికి పునాది అయింది.

4. సండేస్కూలును కొలిచిన పరిశోధన

అమెరికాలో విద్యాశాస్త్రానికి దారి వేసినవారిలో స్టాన్లీ హాల్ న్యూయార్క్‌లోని యూనియన్ సెమినరీలో వేదాంతం చదివినవాడు. జోసెఫ్ మేయర్ రైస్ అనే వైద్యుడు సుమారు 33,000 మంది పిల్లలకు వర్ణక్రమ పరీక్షలు పెట్టి, రోజూ ఎక్కువసేపు వల్లెవేయించిన బడుల పిల్లలు తక్కువసేపు నేర్పిన బడుల పిల్లలకంటే మెరుగ్గా లేరని 1897లో ప్రకటించాడు. ఎంతో మంది విద్యాధికారులు ఆ మాట వినడానికే ఇష్టపడలేదు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజ్ ఆ తరువాతి దశాబ్దాల్లో విద్యా పరిశోధనకు ప్రపంచ కేంద్రమైంది.

ఆ కాలేజీలోనే 1924లో మనకు అత్యంత సంబంధమున్న పరిశోధన మొదలైంది. మతవిద్యా రంగం నుండి వచ్చిన హ్యూ హార్ట్‌షోర్న్, మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ మే కలిసి పిల్లల నడవడిని అధ్యయనం చేశారు. పదివేల మందికి పైగా పిల్లలకు మోసం చేయడానికి వీలున్న సందర్భాలు కల్పించి, వారు ఏం చేస్తారో నమోదు చేశారు. 1928 నుండి 1930 వరకు ఫలితాలు మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లవాడు మరోచోట అలా ఉంటాడన్న భరోసా లేదని తేలింది. అంతకంటె కలవరపెట్టిన విషయం, సండేస్కూలుకు వెళ్లడానికీ నిజాయితీగా నడుచుకోవడానికీ ఉన్న సంబంధం చాలా బలహీనంగా కనిపించడం.

ఇది సండేస్కూలును మూసేయమన్న తీర్పు కాదు. ఈ లెక్కలను తరువాతి పరిశోధకులు తిరిగి పరిశీలించి, నిజాయితీ పూర్తిగా సందర్భాన్ని బట్టే మారుతుందన్న నిర్ణయాన్ని కొంత సవరించారు. పరిశోధన తన్ను తాను దిద్దుకొనే తీరు అదే. అయినా హార్ట్‌షోర్న్, మే వేసిన ప్రశ్న మాత్రం నేటికీ నిలిచే ఉంది. వచనం కంఠస్థమైనంత మాత్రాన హృదయంలోకి దిగినట్టేనా? ప్రతి వేసవిలో వి.బి.ఎస్. నడిపే తెలుగు సంఘాలు ఎన్ని వేల బహుమతులు పంచామో లెక్క చెప్పగలవు. పాట, నాటిక, కంఠస్థ వాక్యం అన్నీ ముగిసిన ఆరు నెలలకు ఆ పిల్లలో ఏమి మిగిలిందో ఎన్ని సంఘాలు చూశాయి?

5. భారతదేశంలో

మన దేశంలో 1857లో ఏర్పడిన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు చాలాకాలం పరీక్షలు జరిపే సంస్థలుగానే ఉన్నాయి. దానికి ముందే, 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్ ద్వారా శ్రీరాంపూర్ కళాశాలకు పట్టాలిచ్చే అధికారం లభించింది. 1918 నాటి శ్రీరాంపూర్ కళాశాల చట్టం దానిని స్థిరపరచింది. విద్యాశాస్త్ర పరిశోధన మాత్రం ఆలస్యంగా వచ్చింది. బొంబాయి విశ్వవిద్యాలయం 1936లో ఎం.ఎడ్. ప్రారంభించి, 1943లో దేశంలోనే విద్యాశాస్త్రంలో తొలి పిహెచ్.డి. పట్టా ఇచ్చింది. 1974లో ఎం.బి. బుచ్ సంపాదకత్వంలో బరోడా నుండి దేశంలోని విద్యా పరిశోధనలపై తొలి సమీక్షా గ్రంథం వచ్చింది.

అయితే సంఘం తన బడులను గురించి తానే ప్రశ్నించుకున్న సందర్భం అంతకు ముందే ఉంది. సామూహికంగా క్రీస్తునంగీకరించిన దళిత కుటుంబాల పిల్లలకోసం మిషన్లు వేల పల్లెబడులు తెరిచాయి. 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు ప్రాంతం ఈ ఉద్యమాలకు పెట్టింది పేరు. 1919లో ఎ.జి. ఫ్రేజర్ అధ్యక్షతన మిషన్లు నియమించిన కమిషన్ ఈ పల్లెబడుల ఫలితాన్ని దేశమంతటా తిరిగి పరిశీలించి, 1920లో నివేదిక ఇచ్చింది. కె.టి. పాల్ అందులో భారతీయ సభ్యుడు. చదువు నిలిచేంతకాలం పిల్లలు బడిలో ఉండడంలేదని, కూలి పనులకు వెళ్లిపోయి నేర్చిన అక్షరాలు మరచిపోతున్నారని ఆ నివేదిక బాధతో గుర్తించింది. బడుల సంఖ్య చూసి సంతోషించే అలవాటుకు అది సరైన మందు.

6. నేటి అభ్యర్థికి

విద్యలో రెండు రకాల డాక్టరేట్లు ఉండడం కొందరిని తికమక పెడుతుంది. హార్వర్డ్ 1920లో వృత్తిలో ఉన్నవారికోసం ఎడ్.డి. ప్రవేశపెట్టింది, టీచర్స్ కాలేజ్ 1934లో అదే బాట పట్టింది. కాలక్రమంలో ఆ రెండింటి మధ్య తేడా చెరిగిపోయి, 2010లలో హార్వర్డే కొత్త ఎడ్.డి. ప్రవేశాలు ఆపి పిహెచ్.డి.కి మారింది. మనకు పరిచయమైన డి.మిన్., డి.టిహెచ్. పట్టాల మధ్య తేడా ఇలాంటిదే. ఒకటి పరిచర్యను మెరుగుపరచేందుకు, మరొకటి కొత్త జ్ఞానాన్ని నిరూపించేందుకు. తన అవసరమేదో తేల్చుకున్నాకే అభ్యర్థి అడుగువేయాలి.

మన దేశంలో 1956 నాటి యుజిసి చట్టం ప్రకారం చట్టబద్ధమైన అధికారం గల సంస్థలు మాత్రమే పట్టాలివ్వాలి. 2022 యుజిసి నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కోర్సు పనితో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు. మహిళలకూ వికలాంగులకూ సడలింపు ఉంది. ఎం.ఫిల్. రద్దయింది. కాబట్టి ఆరు నెలల్లో పిహెచ్.డి. ఇప్పిస్తామన్న ప్రకటన చూస్తే ఇంకేమీ విచారించనవసరం లేదు.

అంశాన్ని ఎన్నుకోవడం అన్నిటికంటె కష్టమైన పని. గైడు దగ్గర ఇదివరకే ఉన్న ప్రశ్నావళిని జిల్లా పేరు మార్చి మళ్లీ పంచడం పరిశోధన కాదు. సంఘ పరిచర్యలో ఉన్నవానికి ప్రశ్నలకు కొదువలేదు. ఐదో తరగతి చదివినా తెలుగు బైబిలు చదవలేని పిల్లలకు ఎలా నేర్పాలి? ఇంగ్లీషు మీడియంలో చదివే తరం తెలుగు ఆరాధనలో ఎంత గ్రహిస్తోంది? రాత్రిబడిలో చదువుకున్న తల్లుల పిల్లలు బడి మానేయడం తగ్గిందా? ఇవి కొలవదగిన ప్రశ్నలు. జవాబు మనకు నచ్చినట్టు రాకపోవచ్చు. నచ్చని జవాబును కూడా రాసి సంతకం చేయగలిగినవాడే పరిశోధకుడు.

ముగింపు

అపొస్తలుడు చెప్పిన మాటనే లేఖనాలతో సరిచూసుకున్న బెరయ వారిని లూకా మెచ్చుకున్నాడు (అపొ.కా. 17:11). సమస్తాన్ని పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోవాలని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు (1 థెస్స. 5:21). మన బోధనా పద్ధతులు అపొస్తలుని మాటకంటె పవిత్రమైనవి కావు. ఎగ్మూరు పద్ధతిని నమ్మి నడిపిన గురువులు దుర్బుద్ధి గలవారు కారు; వారికి పిల్లల మీద ప్రేమ ఉంది, సరిచూసుకొనే ఓర్పు మాత్రం కొరవడింది. ఆ ఓర్పును నాలుగైదేళ్లపాటు అభ్యసించడానికి ఒక సేవకుడు విశ్వవిద్యాలయానికి వెళ్తానంటే, సంఘం ఆయనను అనుమానించకుండా ప్రార్థించి పంపాలి, చేతనైతే ఫీజుకూ సాయపడాలి. తిరిగివచ్చాక ఆయన పేరు ముందు ఏ అక్షరాలు చేరాయన్నది రెండవ విషయం. సండేస్కూలులో వెనుక బెంచీ మీద కూర్చొనే పిల్లకు ఏమి ఉపయోగపడుతుందో అడిగి తెలుసుకోవడం సంఘం బాధ్యత.