ఎడారి ఇంటి లోగిలి - నీటి వంతు

మదీనాలో దైవప్రవక్త (స) మస్జిదుకు ఎదురుగా బైరుహా అనే ఖర్జూరపు తోట ఒకటి వుండేది. అది అబూ తల్హా అన్సారీ (రజి) గారిది. ప్రవక్త (స) ఆ తోటలోకి వెళ్ళి అక్కడి తియ్యని నీరు త్రాగుతూ వుండేవారు. ప్రియమైనదానిని ఖర్చు చేయనిదే పుణ్యస్థాయి అందదని తెలిపే ఆయత్ అవతరించినప్పుడు, తమ ఆస్తి అంతటిలో తమకు ప్రియమైనది ఈ తోటేనని అబూ తల్హా (రజి) దానిని దైవమార్గంలో ఇచ్చివేశారు. ప్రవక్త (స) సలహాపై అది ఆయన బంధువుల మధ్య పంపిణీ అయింది.

ఈ ఉదంతాన్ని దానగుణానికి నిదర్శనంగా చెప్పడం పరిపాటి. కాని అందులో ఆ ప్రాంతపు జీవితం కూడా కనిపిస్తుంది. మదీనాకు ఇరుపక్కలా హర్రాలని పిలిచే నల్లని లావా రాళ్ళ మైదానాలు. వాన అరుదు. అటువంటి చోట తోట విలువ చెట్లలోకన్నా నీటిలో ఎక్కువగా వుండేది. తగవులు కూడా నీటి దగ్గరే పుట్టేవి. హర్రా నుండి వచ్చే కాలువ నీటి విషయంలో జుబైర్ (రజి) గారికీ ఒక అన్సారీకీ వివాదం వచ్చింది. జుబైర్ తోట ఎగువన వుంది. ముందు తడుపుకుని తర్వాత పొరుగువానికి వదలమని ప్రవక్త (స) తీర్పు చెప్పారు. అందులో బంధుప్రీతి వుందని అన్సారీ ఆక్షేపించగా, ఆయన ముఖం వివర్ణమైంది. చెట్ల పాదుల గట్లకు నీరు తగిలేవరకు ఆపుకుని తర్వాతే వదలమని జుబైర్‌కు అప్పుడు చెప్పారు. అంటే మొదటి తీర్పు రాజీ, రెండవది పూర్తి హక్కు. ఆ నీటి మట్టం ఎంతని తర్వాతివారు కొలిచి చూస్తే చీలమండల దాకా వచ్చింది. ఎగువవాడు ఎంతవరకు ఆపుకోవచ్చునన్న ప్రశ్నకు ఫుఖహాలు ఈ కొలతనే ఆధారంగా తీసుకున్నారు.

ఇస్లాం ఇరాన్‌కు చేరాక మరో సమస్య ఎదురైంది. అక్కడి నీరు కాలువల్లోకన్నా ఖనాతులలో ఎక్కువ. కొండపాదంలో తల్లిబావి త్రవ్వి, అక్కడినుండి స్వల్పమైన వాలుతో భూగర్భ సొరంగం తీసి, మోట అవసరం లేకుండానే నీటిని ఊరికి చేర్చే పద్ధతి అది. ఖురాసాన్ పాలకుడు అబ్దుల్లా బిన్ తాహిర్ కాలంలో (హిజ్రీ 3వ శతాబ్దం, క్రీ.శ. 9వ శతాబ్దం) ఖనాతుల తగవులు వస్తే ఫిఖ్హ్ గ్రంథాలలో వాటికి సమాధానం దొరకలేదు. ఆయన ఖురాసాన్, ఇరాక్ ఫుఖహాలను సమావేశపరచి ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాయించాడని, తన కాలంలో కూడా తీర్పులు దాని ప్రకారమే జరుగుతున్నాయని 11వ శతాబ్దపు చరిత్రకారుడు గర్దీజీ తెలిపాడు. సుమారు 1017లో అల్ కరజీ అనే గణితవేత్త భూగర్భ జలాలను వెలికితీసే విద్యపై మరో గ్రంథం రచించాడు. ఈ విద్య దక్కన్‌కు కూడా వచ్చింది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా వున్న బీదరులో బహమనీల కాలపు కారేజ్ సొరంగాలు నేటికీ వున్నాయి.

ఈ చట్టం, ఈ విద్య కలిసి ఇంటి లోగిలిని ఎలా తీర్చిదిద్దాయో చూడాలంటే ఇరాన్ మధ్యనున్న యజ్ద్ నగరాన్ని మించిన చోటు లేదు. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 60 మిల్లీమీటర్లు. కరువు జిల్లాగా పేరుబడిన అనంతపురంలో దానికి ఎనిమిది తొమ్మిది రెట్లు కురుస్తుంది.

యజ్ద్ పాత ఇళ్ళకు వీధివైపు తోట వుండదు; ఎత్తైన మట్టిగోడ, ఒక తలుపు మాత్రమే. తలుపు దాటగానే హష్తీ అనే చిన్న గది, అక్కడినుండి మలుపు తిరిగిన నడవ. ఆ మలుపు పరదా కోసం. లోపల కోస్తా జిల్లాల మండువా లోగిలిని గుర్తుచేసే ఆరుబయలు ఆవరణ, మధ్యలో హౌజ్, దాని పక్కన మొక్కల మడులు. మడులు నడిచే నేలకన్నా పల్లంగా వుంటాయి, పారించిన నీరు ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా. నాటేవి దానిమ్మ, అంజూరం, తూత, ద్రాక్షతీగ. నీడా పండూ రెండూ ఇవ్వని చెట్టుకు నీరు పోయడం ఆ ఊరివారికి దుబారాగానే తోచి వుంటుంది. ఆవరణకు దక్షిణాన ఉత్తరముఖంగా వేసవి గదులు, ఉత్తరాన ఎండ పడే చలికాలపు గదులు. ఋతువును బట్టి సంసారం ఆ పక్కనుండి ఈ పక్కకు మారుతుంది.

కొన్ని ఇళ్ళలో ఆవరణనే ఒక అంతస్తు లోతుకు త్రవ్వేవారు. దీనిని గోదాల్ బాగ్చా అంటారు. అలా త్రవ్విన మన్నే ఇంటి ఇటుకలయ్యేది. వేడిగాలి, దుమ్ము పైనుండి పోయేవి. క్రింద చెట్ల తడి నిలిచేది. అసలు ప్రయోజనం వేరు: ఖనాతు నీరు భూమట్టానికి క్రిందుగా పారుతుంది గనుక, తోటే దాని వద్దకు దిగివెళ్ళింది. చిత్రాల పుస్తకాలలో కనబడేది 1747 నాటి దౌలతాబాద్ బాగ్, 33 మీటర్లకు పైబడిన దాని గాలిగోపురం. అది పాలకుడి వైభవం. ఎడారిలో బ్రతికే విద్య మాత్రం ఈ మామూలు ఇళ్ళలోనే ఎక్కువగా వుంది.

నీరు ఎవరికి ఎంతసేపో కొలిచేవాడు మీరాబ్. అడుగున చిల్లి వున్న రాగి గిన్నెను నీటితొట్టిలో వదిలితే అది నిండి మునిగే వ్యవధి ఒక వంతు. మన పెళ్ళిళ్ళలో ముహూర్తానికి వాడిన గడియ కుడుకకు అది సోదరి. ఆ వంతులు అమ్మకానికి, వారసత్వానికి, వఖ్ఫ్‌కు కూడా వచ్చేవి. 14వ శతాబ్దంలో యజ్ద్‌కు చెందిన సయ్యద్ రుక్నుద్దీన్ వ్రాయించిన వఖ్ఫ్‌నామాలో భూములతోపాటు నీటి వంతులూ వున్నాయి.

ఇరవయ్యవ శతాబ్దం మధ్యనుండి మోటారు బావులు వచ్చి ఈ లెక్కను తారుమారు చేశాయి. లోతైన బావి ఉన్నవాడు గిన్నె మునిగేవరకు ఆగనక్కరలేదు. నీటిమట్టం దిగిపోయి ఎన్నో ఖనాతులు ఎండాయి. 1962లో మొదలైన భూసంస్కరణల తర్వాత సొరంగాల పూడిక తీయించే పాత ఉమ్మడి బాధ్యత కూడా చెదిరింది. 2000 ప్రాంతంలో ఇస్ఫహాన్‌లోని జాయందెరూద్ నది నీరు గొట్టాల ద్వారా యజ్ద్‌కు చేరింది. అదే నది ఇస్ఫహాన్ దిగువన ఎండసాగింది. 2013లో అక్కడి తూర్పు ప్రాంతపు రైతులు ఆ గొట్టపు మార్గాన్ని ధ్వంసం చేశారు. తరాలనాటి తమ వంతును వేరే నగరానికి తరలించారన్నది వారి ఫిర్యాదు. యజ్ద్ వాసులకు త్రాగునీరు కావాలి. ఎవరు ఎగువ, ఎవరు దిగువ, ఎంతవరకు ఆపుకోవచ్చు అన్న హర్రా కాలువ నాటి ప్రశ్న ఇక్కడ వందల కిలోమీటర్ల మేర సాగింది.

యజ్ద్ పాతనగరం 2017లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అంతకు ఏడాది ముందు అదే జాబితాలో చేరిన జార్చ్ ఖనాతు 70 కిలోమీటర్లకు పైగా పొడవైనది. జామా మస్జిదు ఆవరణ నుండి మెట్లు దిగితే క్రింద ఆ ఖనాతు చేరువవుతుంది. ఒకప్పుడు నమాజీలు ఆ మెట్ల మీదుగానే వుజూకు దిగివెళ్ళేవారు.